బుల్లెట్‌కి సైడ్‌కార్: రెండు చక్రాల అలవాటుతో నడపొచ్చా?

ప్రశ్న: బుల్లెట్ 350కి ఎడమవైపు సైడ్‌కార్ (పక్కన తగిలించే ఒంటి చక్రం సీటు) బిగించాలనుకుంటున్నా. ట్యాంక్‌బండ్, ఖైరతాబాద్ ట్రాఫిక్‌లో నడపడం ఏం మారుతుంది అన్నా?

జవాబు 1: ఆ పాత అలవాటే ముంచుతుంది తమ్ముడూ. బండి వాలదు, ఆటోలాగా హ్యాండిల్ తిప్పాల్సిందే. గ్యాస్ ఇస్తే ఎడమకి, బ్రేక్ వేస్తే కుడికి లాగుతుంది. అసలు భయం ఎడమ మలుపులో: ఖాళీ సైడ్‌కార్ చక్రం గాల్లోకి లేస్తుంది. 25 కిలోల ఇసుక మూట చక్రం దగ్గర కట్టెయ్. మలుపుకి ముందే స్పీడు తగ్గించు. లేచిందంటే హ్యాండిల్ కాస్త కుడికి వదులు, చక్రం దిగుతుంది.

జవాబు 2: అలైన్‌మెంట్ మర్చిపోవద్దు. సైడ్‌కార్ చక్రం ముందు అంచు 10–20 మి.మీ. బండివైపు తిరిగుండాలి. మరీ ఎక్కువైతే టైరు రంపంలా అరుగుతుంది. గుంతలు తప్పించడమూ కష్టమే, బండి రెండు చక్రాలదీ ఒక దారి, సైడ్‌కార్ చక్రానిది ఇంకో దారి.

జవాబు 3: బిగించే ముందే ఆర్టీఏ అనుమతి తీసుకో, మార్పు ఆర్‌సీలో ఎక్కాలి.