పీ0325 వస్తే నాక్ సెన్సర్ మార్చేయడమేనా?

వైట్‌ఫీల్డ్_బండి: 2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. స్కానర్‌లో పీ0325 కోడ్, నాక్ సెన్సర్‌దట (ఇంజన్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండి టకటక కొట్టడాన్ని, అంటే నాకింగ్‌ని, అదురుతో పసిగట్టేది). పికప్ లేదు, మైలేజీ పడిపోయింది. గ్యారేజీలో సెన్సర్ మార్చారు. మూడు రోజులకు అదే కోడ్. ఇప్పుడు ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పోయిందంటున్నారు. నిజమేనా?

జేసీరోడ్_స్పానర్: నకిలీ సెన్సర్ వేసుంటారు. ఒరిజినల్ వేయించండి, పోతుంది.

వైరింగ్_శీనా: అన్నా, పీ0325 అంటే సెన్సర్ పోయిందని కాదు, ఆ సర్క్యూట్‌లో తేడా ఉందని. సెన్సర్, కనెక్టర్, వైరు, ఈసీయూ ఇన్‌పుట్ అన్నీ అందులోకే వస్తాయి. సిగ్నల్ నమ్మలేనప్పుడు ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగి పెడుతుంది, అంటే స్పార్క్ ఆలస్యంగా ఇస్తుంది, పికప్ పోయేది అందుకే. బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీయూ వైపు, సెన్సర్ వైపు కనెక్టర్లు విప్పండి. సిగ్నల్ వైరు ఈ చివర నుంచి ఆ చివరకి 1 ఓమ్ లోపు చూపాలి. వైరుకీ బాడీకీ మధ్య మీటరు కనెక్షన్ అసలు చూపకూడదు. మీటరు పెట్టి ఉంచి వైరు ఊపండి, కొన్ని ఊపినప్పుడే తెగుతాయి.

జేసీరోడ్_స్పానర్: అంత దూరం ఎందుకు? సెన్సర్ పిన్నుల మీదే మీటరు పెడితే సరి. ఓపెన్ (లోపల తెగినట్టు) చూపితే పోయినట్టే.

వైరింగ్_శీనా: మంచి సెన్సర్లు చెత్తబుట్టలోకి పోయేది ఇలాగే! లోపల ఉన్నది పీజో పలక, అదిరితే వోల్టేజీ పుట్టిస్తుంది. చాలా ఫ్లాట్ టైపు (మధ్యలో బోల్టు పట్టే చదును రకం) సెన్సర్లు బాగున్నప్పుడే మెగా ఓమ్‌లలో ఉంటాయి, చిన్న మీటరుకు ఓపెన్‌లాగే కనిపిస్తాయి. లోపల రెసిస్టర్ ఉన్న కొన్ని టొయోటాల్లో మాత్రం 20 డిగ్రీల దగ్గర 120 నుంచి 280 కిలో ఓమ్‌లు. మాన్యువల్ చూడకుండా తీర్పు చెప్పకూడదు.

టార్క్_రెంచ్: బోల్టు ఎంత బిగించారో అడిగారా? ఫ్లాట్ టైపుకు సాధారణంగా 20 న్యూటన్ మీటర్లు. కింద వాషర్ వేయకూడదు, బ్లాకు మీద తుప్పు, పెయింటు ఉండకూడదు. లూజైతే అదురు సెన్సర్‌కు అందదు.

జేసీరోడ్_స్పానర్: వాషర్ వేస్తే ఇంజన్ పేలిపోతుందా?

టార్క్_రెంచ్: పేలదు. సిగ్నల్ బలహీనపడి పీ0327 (సిగ్నల్ తక్కువ అనే కోడ్) రావచ్చు.

కోరమంగళ_95: పెట్రోల్ మార్చి చూడండి.

వైరింగ్_శీనా: ఇది సర్క్యూట్ కోడ్, నాకింగ్ కోడ్ కాదు. పైగా బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలుచన. చెన్నైతో పోలిస్తే ఇక్కడ నాకింగ్ తక్కువే. స్పానర్ అన్నా, చూడకుండా పార్టు మార్చడాన్ని రిపేరు అనరు.

జేసీరోడ్_స్పానర్: నోరుంది కదా అని అనేయకు. నువ్వు చెప్పింది రెండు గంటల పని. వైరు సరిచేసి పంపితే ‘ఏం మార్చావు?’ అంటారు. ఏం మార్చలేదంటే ‘మరి డబ్బులెందుకు?’ అంటారు. పార్టు బిల్లు ఉంటేనే కూలి వస్తుంది. ఈ అలవాటు చేసింది మేమా?

వైట్‌ఫీల్డ్_బండి: చెకింగ్ చార్జీ అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. ఎవరూ అడగలేదు. ఇందాక కనెక్టర్ విప్పి టార్చ్ వేశాను. పిన్ను మొదట్లో పచ్చటి చిలుము, రబ్బరు సీల్ ఒక పక్క మడతపడి ఉంది.

జేసీరోడ్_స్పానర్: అయితే నీళ్లు దిగాయి. ఈసీయూ జోలికి పోకండి సార్, పాతది తెచ్చి వేస్తే ఇమ్మొబిలైజర్ (దొంగతనం ఆపే తాళం చెవి లాక్) కలవక బండి స్టార్టే కాకపోవచ్చు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి, సీల్ కొత్తది వేయండి. పిన్ను తినేసి ఉంటే కనెక్టరే మార్చాలి.

వైరింగ్_శీనా: కనెక్టర్ మారిస్తే సిగ్నల్ వైరు చుట్టూ ఉండే షీల్డ్ అల్లిక తెగకుండా చూసుకోండి. అది తెగితే ఇగ్నిషన్ కాయిల్ నుంచి వచ్చే కరెంటు నాయిస్‌నే ఈసీయూ నాకింగ్ అనుకుంటుంది.