ఆర్.పి. కళ్లకు కరెంటు చికిత్స: డబ్బు కట్టొచ్చా?

గాంధీనగర్, విజయవాడ:
రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్.పి.) అంటే కంటి వెనక పొర అయిన రెటీనాలో కణాలు క్రమంగా చనిపోయే జన్యు జబ్బు. దానికి కోత, కుట్టు లేకుండా కంటి ముందు పొర కార్నియాకి సన్నటి దారం ఆనించి రెటీనాకి కరెంటు ఇస్తారు. పోయిన చూపు తిరిగొస్తుందంటూ కోర్సు మొత్తానికీ ముందే కట్టమని అడుగుతున్న చోట్లు ఉన్నాయి. ఇందులో నిజమెంత?

బ్రాడీపేట, గుంటూరు:
కట్టొచ్చనే నా వాదన. జర్మనీలో తయారయ్యే ఒకుస్టిమ్ అనే యంత్రాన్ని చూడండి. కళ్లజోడు లాంటి ఫ్రేము, కంటికి ఆనే దారం ఎలక్ట్రోడు, కణత మీద రెండోది. 20 హెర్ట్జ్, ప్రతి పల్సులో 5 మిల్లీసెకన్లు ప్లస్, 5 మిల్లీసెకన్లు మైనస్. వారానికోసారి 30 నిమిషాలు. మసక గదిలో కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఒక దగ్గర కంట్లో మిణుకులు మొదలవుతాయి. అదే త్రెషోల్డు. చికిత్స దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లలో సాగుతుంది. ఆప్టిక్ నరం తెంపిన ఎలుకల్లో ఇలా కరెంటిస్తే రెటీనాకి ఆసరాగా ఉండే ముల్లర్ కణాల్లో ఐజీఎఫ్-1 అనే, కణాలని కాపాడే ప్రోటీను పెరిగి, చావాల్సిన కణాలు కొన్ని బతికాయని 2005లో జపాన్ బృందం చూపించింది. 2011లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో 24 మందిని మూడు జట్లు చేసి 6 వారాలు పరీక్షించారు. త్రెషోల్డుకి 150 శాతం అందుకున్న జట్టుకి విజువల్ ఫీల్డు, అంటే కళ్లు కదపకుండా చూపు అందే మేర, విశాలమైంది.

పటమట, విజయవాడ:
24 మందిని మూడు జట్లుగా విడగొడితే ఒక్కో జట్టులో మిగిలేది ఎందరండీ? అంతకన్నా పెద్ద చిక్కు మీ లెక్కలోనే ఉంది. త్రెషోల్డు దాటితే మిణుకులు కనిపిస్తాయి, పోల్చడానికి యంత్రం పెట్టి కరెంటు ఇవ్వని ఉత్తుత్తి చికిత్స జట్టుకి కనిపించవు. అంటే తనకి అసలుది అందుతోందని రోగికి తెలిసిపోతుంది. ఫీల్డు పరీక్షేమో రోగి బటన్ నొక్కితే నడిచేది. ఆశ ఉన్న వేలు తొందరపడుతుంది, పైగా రెండోసారికి అలవాటూ తోడవుతుంది. 2017లో 52 మందితో ఏడాది నడిపిన పరీక్షలో ఫీల్డు తేడా గణాంకాలకి నిలబడలేదు.

బ్రాడీపేట:
అదే పరీక్షలో 200 శాతం జట్టుకి వెలుతురులో తీసిన ఈఆర్‌జీ (వెలుగుకి రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందన కొలత) మెరుగైంది కదా. దానికి బటన్ లేదు.

పటమట:
ముదిరిన ఆర్.పి.లో ఈఆర్‌జీ కొన్ని మైక్రోవోల్టులే. దారం ఎలక్ట్రోడు కనుపాప వైపు జరిగినా, కింది రెప్పలోకి జారినా అంకె మారుతుంది. సరే, అది నిజమైన మెరుగే అనుకుందాం. అప్పుడైనా బతికున్న కోన్లు (పగటి చూపు కణాలు) కాస్త మెరుగ్గా పనిచేస్తున్నాయనాలి. రాలిపోయిన రాడ్‌లు (రాత్రి చూపు కణాలు) మొలవవు. "చూపు తిరిగొస్తుంది" అనే మాటకి నా అభ్యంతరం అక్కడే.

అరండల్‌పేట, గుంటూరు:
వాదన ఎటు తేలినా ఒక ప్రమాదం గురించి చెప్పాలి. నొప్పులకి వాడే టెన్స్ మిషను ప్యాడ్‌లు కంటిరెప్పల మీద పెట్టకండి, దయచేసి. దాని పల్సు సుమారు 0.2 మిల్లీసెకను. ఇక్కడ కావాల్సింది 5, అంటే పాతిక రెట్లు. అంత పొట్టి పల్సుతో రెటీనా లోపలి కణాలు సరిగ్గా స్పందించవు, అందుకని కరెంటు పెంచుతారు. టెన్స్ పదుల మిల్లీఆంపియర్ల దాకా పోగలదు, ఇక్కడ వాడేది మామూలుగా ఒక మిల్లీఆంపియరులోపే. ప్లస్ మైనస్ సమంగా లేని కరెంటైతే ఎలక్ట్రోడు దగ్గర రసాయన చర్య మొదలై కార్నియా కమిలే ప్రమాదం కూడా ఉంది.

అసలు యంత్రంతోనూ తప్పులు జరుగుతాయి. కణత చర్మం జిడ్డు పోయేలా శుభ్రం చేయకపోతే అక్కడ చురుక్కుమంటుంది. దారం ఎండితే కాంటాక్టు పోతుంది, కృత్రిమ కన్నీటి చుక్కలు దగ్గరుండాలి. ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది కళ్లు పొడిబారడం. డయాబెటిక్ రెటినోపతీ, మాక్యులా (రెటీనా నడిమి భాగం) వాపు, రెటీనా ఊడటం, కంట్లో సిలికాన్ ఆయిలు, గ్లాకోమా ఉన్నవాళ్లని ఆ పరీక్షల్లోకే తీసుకోలేదు.

బ్రాడీపేట:
"చూపు తిరిగొస్తుంది" అనకూడదని పటమటవారితో ఒప్పుకుంటాను. ఉన్న ఫీల్డు కాపాడుకునే ప్రయత్నంగా, ఆ మాట ముందే చెప్పి చేస్తే తప్పులేదనే ఇప్పటికీ అంటాను.

పటమట:
అలాగైతే వరస మార్చండి. ముందు ఓసీటీ అనే రెటీనా పొరల స్కాను: ఆర్.పి.లో మాక్యులా నీరు తరచుగా కనిపిస్తుంది, డోర్జోలమైడ్ చుక్కలకి చాలామందిలో తగ్గుతుంది. తర్వాత కంటిపాప వెనక శుక్లం ఉందేమో చూడాలి, తీయిస్తే వెలుతురు మెరుగవుతుంది. ఆపైన జన్యు పరీక్ష: ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపమైతే 2017 చివర్లో అమెరికా అనుమతించిన జన్యు చికిత్స దారి వేరు. ఇవన్నీ అయ్యాక కూడా కరెంటు కావాలనుకుంటే, మొదటి రోజుకి ముందే ఒకే మిషను మీద ఫీల్డు రెండుసార్లు తీయించండి. ఆ రెండింటి మధ్య తేడా ఎంతుందో, చికిత్స తర్వాత వచ్చిన తేడా దాన్ని మించాలి. ఆ చార్టులు జాగ్రత్త చేయండి. చూపు కోణం 10 డిగ్రీలలోపుకి కుంచించుకుపోతే అక్షరాలు 6/6 చదివినా అంధత్వం కిందే లెక్క, సదరం పరీక్షకి వెళ్లేటప్పుడు పనికొస్తాయి.