సీ భాషలో టులోయర్ ఫంక్షన్ మామూలు అక్షరాలను మారుస్తోంది, గీతలున్న వాటిని వదిలేస్తోంది

ఫైల్ నుంచి పేర్లు చదివి, అన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. లినక్స్, జీసీసీ కంపైలర్, ఫైల్ యూటీఎఫ్-8లో (ఒక్కో అక్షరానికి ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ బైట్లు వాడే ఎన్‌కోడింగ్) ఉంది. ఏ నుంచి జెడ్ దాకా ఏ ఇబ్బందీ లేదు. నెత్తిన గీత ఉన్న ఫ్రెంచ్ క్యాపిటల్ ఈ (É) వస్తే మాత్రం అలాగే ఉండిపోతోంది. బైట్లు ప్రింట్ చేసి చూశాను: లూప్‌కు ముందు 195, 137, తర్వాత కూడా అవే. రావలసింది 195, 169.

టులోయర్‌కు ఇచ్చే ముందు ప్రతి బైట్‌నూ అన్‌సైన్డ్ చార్‌గా (నెగటివ్ విలువలు లేని బైట్ రకంగా) కాస్ట్ చేస్తున్నాను. మెయిన్ మొదట్లోనే సిస్టమ్ భాషా సెట్టింగులు (లొకేల్) తీసుకోవడానికి ఖాళీ స్ట్రింగ్‌తో సెట్‌లొకేల్ పిలిచాను, అది నల్ ఇవ్వలేదు, అంటే విఫలం కాలేదు. లొకేల్ కూడా యూటీఎఫ్-8దే. రెండో బైట్‌కు 32 కలిపితే ఈ ఒక్క అక్షరం కుదిరింది కానీ, అదేం పద్ధతి! రెండు చుక్కల క్యాపిటల్ వై 197, 184 అయితే, దాని చిన్న అక్షరం 195, 191. అక్కడ మొదటి బైటే మారిపోతోంది.

బయటి లైబ్రరీలు వాడే వీలు లేదు. స్ట్రింగ్ మొత్తాన్నీ వైడ్ క్యారెక్టర్లలోకి (ఒక్కో అక్షరం మొత్తాన్నీ ఒకే విలువగా ఉంచే రకంలోకి) మార్చి, పని అయ్యాక వెనక్కి తేవడం తప్పదా, లేక చార్ అర్రేలోనే చేసే దారి ప్రామాణిక సీలో ఏదైనా ఉందా?