గల్వాన్‌లో తుపాకులు పేలలేదు: రియలిజం గెలిచినట్టా, ఓడినట్టా?

చంద్రగిరి కోట:
తిరుపతిలో దొరికే అంతర్జాతీయ సంబంధాల జిరాక్స్ నోట్సులన్నిట్లో ఒకటే పాట. దేశాల నడతకు కారణం అడిగితే, రియలిజం అంటే బలం, లిబరలిజం అంటే వ్యాపారం, కన్‌స్ట్రక్టివిజం అంటే భావాలు, ఆనవాయితీలు, మూడింట్లోనూ కొంత నిజం ఉంది, జవాబు అయిపాయె. ఒక్క ఘటన పట్టుకుని తేల్చుకుందాం. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన కొట్లాటలో మన జవాన్లు 20 మంది చనిపోయారు. రెండూ అణ్వాయుధాలున్న దేశాలు. కొట్టుకున్నది మాత్రం రాళ్లతో, ఇనుప రాడ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో. ఎందుకని? ‘మూడూ కరెక్టే’ అనే జవాబు మాత్రం వద్దు.

పలమనేరు ఘాట్:
రియలిజమే, ఇందులో తర్జనభర్జన ఏముంది సామీ. బాంబులున్న ఇద్దరూ పెద్ద యుద్ధానికి జంకుతారు. పెద్దది రాదనే ధీమాతోనే చిన్న కొట్లాటకు తెగిస్తారు. అమెరికా పండితుడు గ్లెన్ స్నైడర్ 1965లోనే రాసిన సంగతి ఇది. తర్వాత జరిగింది కూడా చూడండి. 2020 నవంబరులో ఆస్ట్రేలియా మనతో కలిసి చేసే మలబార్ నౌకా విన్యాసాల్లోకి తిరిగొచ్చింది, 2021 మార్చిలో క్వాడ్ (భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా) నేతలు తొలిసారి సమావేశమైనారు. పక్కోడు బలిసేకొద్దీ మిగతావాళ్లు చేయి కలుపుతారు. రియలిస్టు పండితుడు వాల్ట్జ్ 1979లో చెప్పిన బ్యాలెన్సింగ్ అదే కదా.

నగరి కొండ:
అట్లయితే 1999లో కార్గిల్‌లో కూడా కర్రలతోనే కొట్టుకుని ఉండాల కదన్నా. 1998 మేలోనే భారత్, పాకిస్తాన్ రెండూ అణుపరీక్షలు చేసినాయి. అయినా బోఫోర్స్ ఫిరంగులు మోగినాయి, విమానాలు బాంబులు వేసినాయి. యుద్ధం ఎంతవరకు పెరగొచ్చో బాంబు చెప్పగలదేమో గానీ, చేతిలోకి కర్ర రావాలా తుపాకి రావాలా అనేది చెప్పలేదు.

ఆ సంగతి భారత్, చైనాల 1996 ఒప్పందంలో ఉంది. దాని 6వ అధికరణం ప్రకారం వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఎవరూ కాల్పులు జరపకూడదు, పేలుళ్లు చేయకూడదు, తుపాకితో వేటాడను కూడా కూడదు. గల్వాన్ జరిగిన మూడోనాడు విదేశాంగ మంత్రి జైశంకర్ ఇచ్చిన వివరణ కూడా ఇదే: జవాన్ల దగ్గర ఆయుధాలు ఉన్నాయి, కానీ 1996, 2005 ఒప్పందాల ప్రకారం ఎదురుపడినప్పుడు తుపాకి వాడకపోవడం ఆనవాయితీ. పక్కన తోటివాడు పడిపోతా ఉంటే కూడా ట్రిగ్గర్ మీదికి వేలు పోలేదంటే దాన్ని బలాబలాల లెక్కలో ఎక్కడ చూపిస్తారు? కన్‌స్ట్రక్టివిజం చెప్పేది ఇదే. ఇవే రెండు సైన్యాలు 1967లో సిక్కింలోని నాథూ లా దగ్గర ఫిరంగులతో కొట్టుకున్నాయి. అప్పటికి ఈ ఒప్పందాలేవీ లేవు.

పలమనేరు ఘాట్:
1967లో మన దగ్గర బాంబు కూడా లేదబ్బా, ఆ పోలిక చెల్లదు. అయినా మీ ఆనవాయితీ ఎన్నాళ్లు నిలిచింది? మూడు నెలలు తిరక్కముందే, సెప్టెంబరు 7న, లద్దాఖ్‌లోనే పాంగాంగ్ సరస్సు దక్షిణపు ఒడ్డున తుపాకులు పేలినాయి. 1975లో అరుణాచల్‌లోని తులుంగ్ లా దగ్గర జరిగిన కాల్పుల తర్వాత మళ్లీ అప్పుడే.

నగరి కొండ:
పేలినాయి, గాల్లోకి. మర్నాడు రెండు సైన్యాలూ ‘ముందు కాల్చింది వాళ్లే’ అని ప్రకటనలు ఇచ్చినాయి. నియమాన్ని ఎవరూ లెక్కచేయకపోతే ఆ సంజాయిషీ ఎవరికోసం? ఒక నియమం బతికుందా లేదా అని చూడాల్సింది దాన్ని ఎన్నిసార్లు దాటినారని కాదు, దాటినోడు దాన్ని దాచుకుంటా ఉన్నాడా, దర్జాగా చెప్పుకుంటా ఉన్నాడా అని.

కాణిపాకం రోడ్డు:
ఇవన్నీ కౌటిల్యుడు ఎప్పుడో చెప్పినాడు. పొరుగువాడు శత్రువు, ఆ పొరుగువాడి పొరుగువాడు మిత్రుడు. వాల్ట్జ్ కొత్తగా చెప్పిందేముంది?

చంద్రగిరి కోట:
ఉంది. అర్థశాస్త్రం విజిగీషువుకు, అంటే గెలవాలనుకునే రాజుకు, ఉపదేశం. సంధి, విగ్రహం (యుద్ధం), ఆసనం (కదలకుండా వేచి ఉండడం), యానం (దండెత్తడం), సంశ్రయం (బలవంతుడి అండ చేరడం), ద్వైధీభావం (ఒకరితో సంధి, ఇంకొకరితో యుద్ధం) అని ఆరు పద్ధతులిచ్చి, ఎప్పుడు ఏది వాడాలో చెబుతుంది. వాల్ట్జ్ ఏ రాజుకూ సలహా ఇవ్వడు, రాజు ఎవరైనా వ్యవస్థ ఎటు నెడుతుందో చెబుతాడు. జవాబుల్లో ఈ రెంటినీ కలిపేస్తే మార్కులు పోతాయి.

రేణిగుంట జంక్షన్:
లిబరలిజాన్ని అందరూ వదిలేసినారే! వ్యాపారం గల్వాన్‌ను ఆపలేదు, నిజమే. అయితే గల్వాన్ కూడా వ్యాపారాన్ని ఆపలేదు. 2020 జూన్ 29న 59 చైనా యాప్‌లు నిషేధించినాం, 2024-25కి వచ్చేసరికి చైనాతో మన వాణిజ్య లోటు 99 బిలియన్ డాలర్లు. మన తిరుపతి పక్కనే చైనా కంపెనీ టీసీఎల్ వాళ్లు 2018 డిసెంబరులో శంకుస్థాపన చేసిన డిస్‌ప్లే ఫ్యాక్టరీ గల్వాన్‌తో మూతపడలేదు.

‘వ్యాపారం ఉంటే శాంతి’ అనేది ఈ సిద్ధాంతాన్ని బాగా పలచన చేసి చెప్పడం. లిబరల్ పండితులు కియోహేన్, నై 1977లో చెప్పిన దాంట్లో పదునుండేది ఇంకో చోట: ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆధారపడినా, తక్కువ ఆధారపడినోడి చేతిలో పగ్గం ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతి మీద ఆంక్షలు పెడితే ఇక్కడి వాహన కంపెనీలు ఎట్ల గిలగిల్లాడినాయో చూసినాం.

చంద్రగిరి కోట:
ముగ్గురూ మూడు వేరే ప్రశ్నలకు జవాబిస్తా ఉన్నారు. తన సిద్ధాంతం ఒక దేశపు విదేశాంగ విధానాన్ని వివరించేది కాదని వాల్ట్జే చెప్పుకున్నాడు. క్వాడ్ లాంటి పదేళ్ల మొగ్గును అడిగితే పలుకుతుంది, ఒక రాత్రి సంగతి అడిగితే పలకదు. అది కావాలంటే గిడియన్ రోజ్ 1998లో నియోక్లాసికల్ రియలిజం అని పేరు పెట్టిన దారిలో పోవాల: బయటి ఒత్తిడిని లోపలి ప్రభుత్వం, సైన్యం ఎట్ల అర్థం చేసుకున్నాయో చూడాల. పరీక్షలో ముందు ఏ ప్రశ్నకు జవాబు రాస్తున్నారో ఒక వాక్యంలో తేల్చండి. ఆ తర్వాత ‘ఈ సిద్ధాంతం నిజమైతే ఏది జరిగి ఉండకూడదు’ అని ఇంకో వాక్యం. పలమనేరన్నకు కార్గిల్ తగిలింది అక్కడే. నేను అడిగింది కర్ర గురించి, దానికి నగరి మాటే నిలబడుతుంది.

పలమనేరు ఘాట్:
నిలబడదు. ఆనవాయితీ మీద అంత నమ్మకముంటే లద్దాఖ్ సరిహద్దులో గల్వాన్, పాంగాంగ్, గోగ్రాల దగ్గర ఇద్దరూ గస్తీ తిరగని మధ్య జాగాలు ఎందుకు పెట్టుకున్నారు? నమ్మకం లేనోళ్లే దూరం జరుగుతారు.

నగరి కొండ:
ఆ జాగాలు కూడా కూర్చుని మాట్లాడుకుని గీసుకున్నవే కదన్నా. 2024 అక్టోబరులో అదే సరిహద్దులోని డెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో గస్తీ మళ్లీ మొదలైంది కూడా ఒప్పుదల మీదనే. అక్కడ జవాన్లు మళ్లీ ఎదురుపడతారు, నీ మాటో నా మాటో అప్పుడు తేలుతుంది.