స్పానిష్ భూతకాలాలు: "రెండు గంటలు ఎదురుచూశాను" అన్నప్పుడు ఇంపెర్‌ఫెక్తో ఎందుకు రాదు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. ప్రస్తుతం భూతకాలాల పాఠాలు నడుస్తున్నాయి. మా అధ్యాపకురాలు వాటిని సర్ఫింగ్ కథనాల ద్వారా చెబుతున్నారు. ఓలా అంటే అల, తాబ్లా అంటే పలక, ఒరీయా అంటే ఒడ్డు, మరేయా అంటే ఆటుపోటు, రెమార్ అంటే పలక మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ సాగడం; ఈ మాటలు సులువుగానే పట్టుబడ్డాయి. చిక్కల్లా క్రియలతోనే. చప్పున ముగిసిన పనికి ఇందెఫినీదో, చాలాసేపు సాగిన పనికి ఇంపెర్‌ఫెక్తో అని చదివాను. పాఠంలో మాత్రం "సొప్లాబా ఎల్ బియెంతో" (గాలి వీస్తూ ఉండింది) అని ఇంపెర్‌ఫెక్తో వాడి, ఆ వెంటనే "ఎస్పెరే దోస్ ఓరాస్" (రెండు గంటలు ఎదురుచూశాను) అని ఇందెఫినీదో వాడారు. రెండు గంటల నిరీక్షణ చాలాసేపు సాగిన పని కాదా? మరొక సందేహం: అల మీద స్వారీని పాఠంలో "కొహేర్ ఓలాస్" అన్నారు, పెరూ వారి వీడియోలలో "కొర్రేర్ ఓలాస్" అంటున్నారు. ఏది నేర్చుకోవాలి?

మొదటి సమాధానం

మీరు చదివిన సూత్రంలోనే లోపం ఉందండీ. పని ఎంతసేపు సాగిందన్నది స్పానిష్‌కు పట్టదు. చెప్పేవారు ఆ పనిని మొదలూ తుదీ కలిపి ఒక మొత్తంగా చూపుతున్నారా, లేక ఇంకా సాగుతుండగా దాని లోపలి నుంచి చూపుతున్నారా అన్నదే లెక్క. "రెండు గంటలు" అని కొలత వేసిన క్షణంలోనే ఆ పనికి గట్టు కట్టినట్టయింది కనుక ఎస్పెరే వస్తుంది. ఇరవై ఏళ్ళు అన్నా అంతే.

తెలుగువారికి ఇందులో ఒక సౌలభ్యం ఉంది. వాక్యాన్ని "-తుండగా" రూపంలోకి మార్చి, దాని మీద మరొక సంఘటనను నిలబెట్టి చూడండి. "గాలి వీస్తుండగా నీళ్ళలోకి దిగాను" అన్న వాక్యం చక్కగా కుదురుతుంది కనుక సొప్లాబా. "దిగాను" అన్నదానికి ఇందెఫినీదో, అంటే ఎంత్రే. "రెండు గంటలు ఎదురుచూస్తుండగా అల వచ్చింది" అంటే మన చెవికే ఎబ్బెట్టుగా తగులుతుంది. అక్కడ ఇందెఫినీదో వేయండి. కొలత తీసేసి "ఎదురుచూస్తుండగా అల వచ్చింది" అంటే సరిపోతుంది, అప్పుడు స్పానిష్‌లోనూ ఎస్పెరాబా సరైనదే. అలవాటుగా చేసిన పనులకు మన "వెళ్ళేవాణ్ణి, వెళ్ళేదాన్ని" ఉండనే ఉంది, దానికి ఈబా. పైగా ఇంపెర్‌ఫెక్తోలో మామూలు పద్ధతికి లొంగని క్రియలు సేర్ (అగు), ఈర్ (వెళ్ళు), బేర్ (చూడు) అనే మూడే.

ఈ పరీక్ష తడబడేది "ఉన్నాయి" దగ్గర. తెలుగులో ఆ ఒక్క రూపమే అన్నిచోట్లా సరిపోతుంది. స్పానిష్‌లో మాత్రం రంగాన్ని వర్ణిస్తే "అబీయా ఓలాస్ గ్రాందెస్", నిన్న రోజంతా పెద్ద అలలు ఉన్నాయని ముగించి చెబితే "ఊబో ఓలాస్ గ్రాందెస్".

రెండవ సమాధానం

నేను పెరూ రాజధాని లిమాలో ఉంటాను కనుక మాటల సంగతి చెబుతాను. స్పెయిన్‌లో కొహేర్ నిత్యం వాడే క్రియ, "పట్టుకొను" అని అర్థం. మెక్సికోలోను, అర్జెంటీనాలోను దానికి అసభ్యార్థం ఉంది. పెరూలో కొర్రేర్ ఓలాస్ అంటారు, సర్ఫింగ్ చేసేవారిని సుర్‌ఫీస్తా అనడంతో పాటు తబ్లీస్తా అని కూడా పిలుస్తారు. మీ పరీక్ష స్పెయిన్ పద్ధతిలో ఉంటే పాఠంలోని మాటే రాయండి, మాట్లాడేటప్పుడు మాత్రం ఎదుటివారి దేశం చూసుకోండి.

కాలాల్లోనూ ఇటువంటి తేడా ఉంది. ఇవాళ అల పట్టానని చెప్పడానికి స్పెయిన్‌లో చాలామంది "ఓయ్ ఎ కొహీదో ఉనా ఓలా" అని పెర్‌ఫెక్తో ("పట్టి ఉన్నాను" వంటి రెండు మాటల భూతకాలం) వాడతారు. ఇక్కడ "ఓయ్ కొర్రీ ఉనా ఓలా" అంటే చాలు. 1965లో ఫెలీపె పొమార్ లిమా దగ్గరి పుంతా రోకాస్‌లో ప్రపంచ విజేత అయ్యాడన్న వాక్యానికి మాత్రం రెండు తీరాలవారూ "గనో" (గెలిచాడు) అనే ఇందెఫినీదోనే వాడతారు, ఏడాది చెప్పేశారు కాబట్టి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. "-తుండగా" పరీక్షతో పాఠం మళ్ళీ చదివితే చాలా భాగం తేటపడింది. ఒకచోట ఆగిపోయాను: "నో పూదె పొనెర్‌మే దె పియే" అని ఉంది, మరో పుటలో "నో పొదీయా". రెండూ నిలబడలేకపోవడమే కదా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

పూదె అంటే ప్రయత్నించి, చివరికి నిలబడలేకపోయాను అని, ఫలితం తేలిపోయింది. పొదీయా అంటే ఆ సమయంలో నాకది చేతకాని స్థితి, తరవాత నిలబడ్డానో లేదో వాక్యం చెప్పదు. "నో కీసో ఎంత్రార్" అంటే దిగనని మొండికేశాడు. "నో కెరీయా ఎంత్రార్" అంటే దిగడం ఇష్టం లేదు, అయినా దిగి ఉండవచ్చు.

స్పానిష్‌లోని నాలుగు భూతకాలాల్లో మూడింటిని ఒకేచోట చూడాలంటే స్పెయిన్‌లో బాస్క్ తీరాన ఉన్న ముందాకా అనే సర్ఫింగ్ చోటు కథ రాసి చూడండి. అక్కడి అల నదీముఖంలోని ఇసుక మేట మీద విరిగేది (రొంపీయా). నదీముఖంలో పూడిక తీశారు (ద్రగారోన్). ఆ తరవాత మేట మారిపోయింది, అల చెడింది. 2005 శరత్కాలం వచ్చేసరికి మేట మారిపోయి ఉంది (అబీయా కంబియాదో) కనుక అక్కడ జరగవలసిన పోటీని రద్దు చేశారు (కన్సెలారోన్). రద్దుకు ముందే జరిగిపోయిన మార్పుకు అబీయా చేర్చి ప్లుస్క్వాంపెర్‌ఫెక్తో వాడడం ఇందులో బాగా కనిపిస్తుంది.

చదివేటప్పుడు పైకి చదవండి. మొదటి అక్షరం మీద ఒత్తి "రేమో" అంటే "నేను తోసుకుంటూ వెళ్తాను". చివర ఒత్తి "రెమో" అంటే "అతడు తోసుకుంటూ వెళ్ళాడు". రాతలో అక్షరం మీద గుర్తు ఒక్కటే తేడా, దాన్ని వదిలేస్తే పరీక్షలో మార్కు పోతుంది.