రెండు ముక్కలైన తాతగారి సానరాయిని అతికించవచ్చా?

ప్రశ్న:
మా తాతగారు ఉలులకూ బాడిసెలకూ పదును పెట్టుకున్న సానరాయి ఇల్లు మారేటప్పుడు కింద పడి రెండు ముక్కలైంది. విరిగిన అంచులు ఇప్పటికీ ఒకదానిలో ఒకటి చక్కగా ఇముడుతున్నాయి గానీ, ఒక మూల గోరంత పెచ్చు ఊడిపోయింది. ఏళ్ల తరబడి వాడడంతో నడుమ గుంట పడింది, నూనె ఇంకి రాయంతా నల్లగా జిడ్డోడుతోంది. అలమరలో దాచుకోవాలని కాదు, మళ్లీ పనిలో పెట్టాలని నా కోరిక. సూపర్ గ్లూ సరిపోతుందా? జిడ్డు వదలడానికి ఓవెన్‌లో పెట్టి వేడి చేయమని ఒకరన్నారు, అది మంచిదేనా?

సమాధానం 1:
వేడి జోలికి వెళ్లకండి. నూనె పీల్చిన రాయి పొగలు కక్కుతుంది, అంటుకోనూవచ్చు. అన్ని వైపులా ఒకేలా వేడెక్కక కొత్త బీటలూ పడవచ్చు. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవ సబ్బు కలిపి నానబెట్టి, నీరు మురికిగా మారినప్పుడల్లా మార్చుతూ బ్రష్‌తో రుద్దండి. రాయి పూర్తిగా ఆరాక, విరిగిన ముఖాలను అసిటోన్ అనే ద్రావకంతో తుడవండి. అక్కడ జిడ్డు మిగిలితే ఏ జిగురూ పట్టదు.

సూపర్ గ్లూ క్షణాల్లో బిగుసుకుపోయి ముక్కలను సర్దుకునే వ్యవధి ఇవ్వదు, పైగా పెళుసుగా ఉండి తడికి క్రమంగా బలహీనపడుతుంది. రెండు భాగాలు కలిపి వాడే, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ తీసుకుని పలుచగా రాయండి. అయితే పదును పెట్టే ముఖం దాకా రాయకూడదు, ఎందుకంటే జిగురు పైకి తేలితే అది రాపిడి చేయదు సరికదా, రాయిని పూడ్చి కత్తిని జారుస్తుంది. గుంట పోవడానికి ఎంత మందం అరగదీయాలో ముందు స్కేలు ఆనించి కొలుచుకుని, దానికి మరో 2 మిల్లీమీటర్లు కలిపి అంత లోతు వరకు అతుకును ఖాళీగా వదిలితే, చదును చేశాక కూడా జిగురు అడుగునే ఉంటుంది.

సమాధానం 2:
అతికించే పద్ధతితో విభేదం లేదు గానీ, గుంటను అరగదీయడానికి ముందు రాయిని తిప్పి చూడండి. అడుగు ముఖం కూడా అదే రాయి అయితే, ఎవరూ వాడని ఆ వైపునే పనికి పెట్టుకోవచ్చు. తాతగారి గుంట అలాగే కింద ఉండిపోతుంది, నాకైతే అదే ఇష్టం. బెల్జియం కోటిక్యూల్ వంటి కొన్ని రాళ్లకు అడుగున వేరే పలకరాయి అతికి ఉంటుంది కనుక, పక్క నుంచి పొరల గీత కనబడుతుందేమో గమనించండి. పాత రాయి అన్నంత మాత్రాన గనిలో దొరికిందే కానక్కరలేదు, సానరాళ్లకు వాడే సిలికాన్ కార్బైడ్ అనే కృత్రిమ రాపిడి పదార్థం 1890ల నుంచే ఫ్యాక్టరీల్లో తయారవుతోంది.

చదును చేయాలంటే మందపాటి గాజు పలక మీద సిలికాన్ కార్బైడ్ పొడి చల్లి, నీళ్లు పోసి, రాయిని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ అరగదీయాలి. ముఖం మీద ముందే పెన్సిలుతో గళ్లు గీసుకుంటే, ఎక్కడ గీత చెరగలేదో అక్కడ ఇంకా పల్లం ఉన్నట్టు లెక్క. పొడిగా మాత్రం అరగదీయకండి. రాయి నుంచి లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

ప్రశ్నించినవారు:
అడుగు ముఖం అదే రంగులో, చదునుగానే ఉంది. ఇక ఊడిన మూలను ఎపాక్సీతో నింపాలా?

సమాధానం 1:
నింపవద్దు. అక్కడ కత్తికి పదును ఎలాగూ రాదు, నింపిన ముద్ద ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. పెచ్చు అంచులను కొద్దిగా వాలుగా అరగదీసి, కత్తి మొన తట్టుకోకుండా చూసుకుంటే చాలు. అతికిన రాయిని చెక్క పీఠంలో బిగించి వాడండి. నూనె ఇంకిన రాయి కాబట్టి ఇకముందు కూడా నూనెతోనే వాడడం మేలు, లోపల మిగిలిన జిడ్డు వల్ల నీరు సరిగా ఇంకదు. కడగవలసి వస్తే మరిగే నీళ్లు పోయకండి, ఆ వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది.