18 నిండుతున్న మా అమ్మాయికి హాస్టల్ ఎలా?

అందరికీ వందనాలు. వరంగల్ దగ్గర హెచ్‌ఐవీ ఉన్న అనాథ పిల్లల కోసం మా చర్చి తరఫున ఒక హోమ్ నడుపుతున్నాం. చిన్నప్పటి నుంచి మా దగ్గరే పెరిగిన అమ్మాయికి త్వరలో 18 నిండుతాయి. జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల హోమ్ అప్పటివరకే. 21 ఏళ్లదాకా ఆఫ్టర్‌కేర్, అంటే హోమ్ నుంచి బయటికి వచ్చాక ఇచ్చే సాయం, ఉందని అదే చట్టం చెబుతోంది. దానికోసం మొదట ఎవరిని కలవాలి, జిల్లా బాలల రక్షణ అధికారినా, సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ)నా?

తను నర్సింగ్ చదువుతానంటోంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్ మందులు రోజూ రాత్రి తప్పకుండా వేసుకుంటుంది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) బాగా తగ్గింది. ఆరోగ్యం గురించి నాకు బెంగ లేదు. టెన్షనంతా హాస్టల్ గదిలో ఎవరైనా ఆ మందు డబ్బా చూస్తే ఏమంటారోనని. ఒక ప్రైవేటు హాస్టల్ వాళ్లు విషయం తెలియగానే ఖాళీ లేదన్నారు. చదువులోగానీ, అద్దె ఇంటి విషయంలోగానీ వివక్ష చూపకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టంలో స్పష్టంగా ఉంది. కానీ చదువుకోవాల్సిన పిల్లను ఫిర్యాదుల చుట్టూ ఎలా తిప్పమంటారు?

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు ఇలాంటి పిల్లల్ని హాస్టల్లో చేర్పించినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. వార్డెన్‌కు ముందే చెప్పారా, చెప్పకుండానే చేర్పించారా? చెప్పాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టమే, కాకపోతే తనకు నేనేం సలహా ఇవ్వాలి?